బిస్కెట్ ఉమ్మేసే కుక్కతో నాలుగు నెలలు

ట్రైనింగ్ క్లాసు మొదటి రోజే మా చుక్కి నా పరువు తీసింది. గుండ్రంగా నిలబడిన ఎనిమిది మంది మనుషులు, ఎనిమిది కుక్కలు. ట్రైనర్ గారు నడుముకి కట్టుకున్న సంచిలో చెయ్యి పెడితే చాలు, ఏడు తోకలు ఊగుతున్నాయి. మా వంతు వచ్చింది. "కూర్చో" అన్నాను. కూర్చుంది. ఎముక ఆకారంలో ఉన్న బిస్కెట్ ఒకటి అందించాను. చుక్కి దాన్ని ఎంతో మర్యాదగా పంటితో అందుకుని, రెండు క్షణాలు నోట్లో పెట్టుకుని, నా చెప్పు మీద ఉమ్మేసి తల పక్కకి తిప్పుకుంది. పక్కనున్న లాబ్రడార్ వచ్చి ఆ బిస్కెట్‌ని మింగి, నా చెప్పు అంచు కూడా నాకి వెళ్ళింది.

"ఇంతకంటే రుచిగా ఉండేది ఏదైనా తీసుకురండి మేడం" అన్నారు ట్రైనర్ గారు.

ఆ ఒక్క మాట పట్టుకుని మూడు వారాలు తిరిగాను. సాల్మన్ రుచి, గొర్రె మాంసం రుచి, మెత్తటి పుల్లల్లాంటివి, నక్షత్రాల్లాంటివి, ఎండబెట్టిన మాంసం ముక్కలు. మొత్తం పదకొండు ప్యాకెట్లు. ప్రతి ప్యాకెట్‌దీ ఒకటే కథ. మొదటి ముక్క ఆవురావురుమని తినేది. నేను సంబరపడేదాన్ని. రెండోది వాసన చూసేది. మూడో దానికి నా మొహం కేసి చూసేది, "మళ్ళీ ఇదేనా" అన్నట్టు. కొత్తొక వింత, పాతొక రోత అన్నది మనుషుల గురించే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇంట్లో ఎవరి సిద్ధాంతం వాళ్ళది. "గారాబం ఎక్కువైంది, అంతే" అన్నారు మా ఆయన. "ఒక పూట పస్తు పెట్టి చూడమ్మా, అదే తింటుంది. ఆకలి రుచెరుగదు" అన్నారు మా అత్తగారు. మా అమ్మాయి మాత్రం, "దానికి ఇష్టం లేదేమో అమ్మా, నీకు ఇష్టం లేనిది పెడితే నువ్వు తింటావా?" అంది. ఈ ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉందని తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

చుక్కికి మూడేళ్ళుంటాయి. పన్నెండు కిలోలు. నుదుటి మీద తెల్లమచ్చ ఉందని ఆ పేరు. పెద్దయ్యాక మా ఇంటికి వచ్చింది కాబట్టి చిన్నప్పుడు ఏం తిందో, ఎలా పెరిగిందో మాకు తెలియదు. పిలిస్తే రాదు, బయటికి వెళ్తే పట్టీ లాగేస్తుంది. అందుకే ఈ క్లాసు.

టీకా కోసం వెళ్ళినప్పుడు మాటల్లో మాటగా డాక్టర్ గారికి ఈ ఉమ్మేసే సంగతి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. చుక్కి పెదవి పైకెత్తి చూసి, "ఒక పక్కనే నములుతోంది, గమనించారా?" అని అడిగారు. గమనించలేదు. పై దవడ వెనక పళ్ళకి గార కట్టి, చిగురు ఎర్రగా వాచి ఉంది. గట్టి బిస్కెట్ కొరికితే నొప్పి, అందుకే వదిలేస్తోంది. నేను పెంకితనం అనుకున్నది పంటి నొప్పి. ఆ రాత్రి పడుకుంటే నిద్ర పట్టలేదు. మీ కుక్క ఉన్నట్టుండి తిండికి వంకలు పెడుతుంటే ట్రీట్లు కొనే ముందు దాని నోరు చూపించండి. కడుపులో వికారం ఉన్నా అంతే, తిండి దగ్గరికి వస్తుంది, వాసన చూసి వెళ్ళిపోతుంది.

మత్తు ఇచ్చి పళ్ళు శుభ్రం చేశారు. పది రోజుల తర్వాత మళ్ళీ అదే బిస్కెట్ పెట్టాను. ఈసారి కరకరా నమిలి మింగింది. రెండోది ఉమ్మేసింది! అంటే నొప్పి ఒక కారణమే. అసలు కథ ఇంకా ఉంది.

డాక్టర్ గారే ఇంకో పని చెప్పారు. "రోజంతా అది ఏం తింటోందో ఒక కాగితం మీద రాయండి. మీరొక్కరే కాదు, ఇంట్లో అందరూ." ఫ్రిజ్ తలుపుకి కాగితం అంటించాం. మూడో రోజుకి కాగితం చాలలేదు. మా ఆయన పొద్దున తన ప్లేట్లోంచి ఇచ్చేవి, అమ్మాయి స్కూల్ నుంచి రాగానే ఇచ్చేవి, అత్తగారు "పాపం" అంటూ పెట్టేవి, వీటన్నిటికీ తోడు పొద్దస్తమానం నిండుగా ఉండే దాని గిన్నె. పస్తు పెట్టమన్న అత్తగారి పేరే కాగితంలో అన్నిటికంటే ఎక్కువ సార్లు ఉంది. ఆ మాట నేను పైకి అనలేదు.

లెక్క ఇలా వేశారు డాక్టర్ గారు. పన్నెండు కిలోల, గర్భసంచి తీసేసిన, మామూలుగా తిరిగే కుక్కకి రోజుకి దాదాపు 720 కిలో కేలరీలు కావాలి. ట్రీట్లు అందులో 10 శాతం మించకూడదు, అంటే 70 చిల్లర. నేను కొన్న బిస్కెట్ ప్యాకెట్ వెనక చూస్తే ఒక్కోదానికి 35 అని ఉంది. రెండు బిస్కెట్లతో ఆ రోజు కోటా అయిపోయింది! క్లాసులో గంటలో అరవై సార్లు బహుమతి ఇవ్వాలంటారు. అరవై బిస్కెట్లు తినిపిస్తే అది కూర్చోవడం కాదు, లేవలేదు కూడా. మరో పక్క, ఉడికించిన చికెన్ బ్రెస్ట్ 100 గ్రాములకి సుమారు 165 కిలో కేలరీలు. 40 గ్రాముల ముక్కని అర గ్రాము చొప్పున కోస్తే ఎనభై ముక్కలు వస్తాయి. కుక్క ముక్కల సంఖ్య లెక్క పెట్టుకుంటుందే కానీ సైజు కాదు అన్నారావిడ. అది ఎంతవరకు నిజమో కానీ, చిటికెన వేలి గోరులో సగం అంత ముక్కకి కూడా చుక్కి పెద్ద ముక్కకి సంబరపడినంతా సంబరపడింది. పైగా చిన్న ముక్క గుటుక్కున మింగేస్తుంది. పెద్ద బిస్కెట్ నమిలి, కిందపడ్డ పొడి ఏరుకుని తినేసరికి దేనికి మెచ్చుకున్నామో అదీ మర్చిపోతుంది, మనమూ మర్చిపోతాం.

పస్తు మాట అడిగాను. వద్దన్నారు. ఆకలితో మలమలలాడే కుక్కకి ధ్యాసంతా తిండి మీదే ఉంటుంది, నేర్చుకోవడం మీద ఉండదు. వేళకి తినడం వేరు, పస్తు వేరు. రెండు పూటలా గిన్నె పెట్టడం, పావుగంట తర్వాత మిగిలింది తీసేయడం, ట్రైనింగ్‌కి ఇచ్చినంత గిన్నెలో తగ్గించడం. ఇంట్లో వాళ్ళు చేతికి ఏది దొరికితే అది పెట్టడం బంద్. మొదటి రెండు రోజులు చుక్కి గిన్నె దగ్గర నిలబడి మమ్మల్ని కోర్టుకి లాగేలా చూసింది. నాలుగో రోజుకి గిన్నె చప్పుడు వినగానే పరుగెత్తుకొచ్చింది. దాని జీవితంలో బహుశా మొదటిసారి ఆకలి అనేది ఒక వేళకి వచ్చింది.

అప్పుడు మొదలైంది అసలు వెతుకులాట. ఇందులో సరదా అంతా మా అమ్మాయిదే. ఎనిమిదో తరగతి చదువుతోంది, ప్రయోగం అంటే చాలు.

ముందు నేనే తోచినట్టు చేశాను. కుడి గుప్పిట్లో ఒకటి, ఎడమ గుప్పిట్లో ఒకటి పట్టుకుని ఏ గుప్పిటని ముక్కుతో పొడుస్తుందో చూశాను. ఉడికించిన గుడ్డు, ఛీజ్ మధ్య పోటీ పెడితే పదిలో తొమ్మిది సార్లు గుడ్డు గెలిచింది. ఆహా, గుడ్డు అని తేల్చేశాను. మర్నాడు గుడ్డుకీ చేపకీ పెడితే చేప గెలిచింది. చేపకీ క్యారెట్‌కీ పెడితే క్యారెట్ గెలిచింది! అమ్మాయి పక్కన కూర్చుని చూస్తూ, "అమ్మా, అది క్యారెట్ కాదు, నీ ఎడమ చెయ్యిని సెలెక్ట్ చేస్తోంది" అంది. నిజమే. గెలిచినవన్నీ ఎడమ చేతిలోవే. కుక్కలకి ఇలా ఒక పక్క మీద మక్కువ ఉండటం కొత్తేమీ కాదట. కుక్కల తిండి తయారుచేసేవాళ్ళు కూడా రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టి పరీక్షిస్తారు, గిన్నెల చోటు మారుస్తూ ఉంటారు.

కాబట్టి మళ్ళీ మొదటినుంచి. రెండు ఒకేలాంటి ప్లేట్లు, మధ్యలో రెండడుగుల దూరం. ముందు రెండూ వాసన చూపించి, వెనక్కి తెచ్చి, అప్పుడు వదలడం. ప్రతి జతకీ పది సార్లు, ఐదు సార్లయ్యాక ప్లేట్లు అటూ ఇటూ మార్చడం. ఒక పూటకి ఒక జతే, ఎక్కువైతే కడుపు నిండి ఏదైనా ఒకటేలే అన్నట్టు చేస్తుంది. అమ్మాయి నోట్‌బుక్‌లో గీతలు గీసింది. ఏడు రకాలు, పన్నెండు రోజులు.

తేలిందేమిటంటే, నాలుక కంటే ముందు ముక్కు ఓటేస్తుంది. మన నాలుక మీద రుచి మొగ్గలు సుమారు 9,000 ఉంటే కుక్కకి 1,700 దాకానే. అదే వాసన పట్టే కణాలు మనకి 50, 60 లక్షలైతే, కుక్కకి జాతిని బట్టి 10 కోట్ల నుంచి 30 కోట్ల దాకా. ప్యాకెట్ మీద రాసిన సాల్మన్ నాకు సాల్మన్ వాసనే వేసింది, దానికి మాత్రం పిండి వాసన వేసి ఉండాలి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన చేపకీ, పది నిమిషాలు బయట పెట్టిన చేపకీ పోటీ పెట్టాం. వెచ్చబడ్డదే గెలిచింది, పదికి పది. చల్లగా ఉంటే వాసన పైకి లేవదు. అప్పటిదాకా నేను ట్రీట్లు ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా సంచిలో వేసుకుని వెళ్ళేదాన్ని.

క్యారెట్ అన్నిటికంటే కింద. కానీ గాల్లోకి విసిరితే ఎగిరి పట్టుకునేది. తినదు, పట్టుకుంటుంది. అది నోట్ చేసి పెట్టుకున్నాను, తర్వాత పనికొచ్చింది. ఛీజ్ మొదటి వారం మహారాణి, రెండో వారానికి మామూలు రాణి. లివర్ మాత్రం మొదటినుంచి చివరిదాకా మొదటి స్థానం దిగలేదు. చికెన్ దగ్గరే మేం ఆగిపోయాం.

చికెన్ చివరి నుంచి రెండోది. ఏ కుక్క చికెన్‌ని కాదంటుంది? క్లాసులో లాబ్రడార్ చికెన్ కోసం పల్టీలు కొడుతోంది. పైగా చుక్కి వద్దనడం కాదు, నేను చికెన్ ముక్క చూపిస్తే ఒక అడుగు వెనక్కి వేసేది, చెవులు వెనక్కి వాల్చేది. ఒక రోజు నాకు ఫోన్ వస్తే ఆ పూట పరీక్ష అమ్మాయి ఒక్కతే చేసింది. నోట్‌బుక్ చూస్తే చికెన్ ఫస్టు! చేపని దాటేసింది. తప్పు రాశావేమో అన్నాను. ఉడుక్కుంది. మళ్ళీ నా ముందే చేసి చూపించింది. ఆమె ప్లేట్లో పెడితే చుక్కి ఎగబడి తింది. నేను అదే ముక్క, అదే ప్లేట్లో పెడితే వెనక్కి నడిచి టేబుల్ కిందికి దూరింది.

కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. తర్వాత అమ్మాయే అంది, "అమ్మా, గోళ్ళు కత్తిరించేది నువ్వే కదా."

అవును. గోళ్ళు నేనే కత్తిరిస్తాను. మాత్రలు వేసేది నేనే, చెవులు కడిగేది నేనే, స్నానానికి పట్టుకునేదీ నేనే. పట్టుకోవడానికి నాకున్న ఒకే ఒక్క ఎత్తు, చికెన్ ముక్క చూపించి దగ్గరికి పిలవడం. అది నోటితో ముక్క అందుకుంటుండగా కాలర్ పట్టేసుకుంటాను. చేదు మాత్ర కూడా చికెన్‌లోనే దాచేదాన్ని. రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ గారి ప్రయోగశాలలో కుక్కలకి చప్పుడు వింటే తిండి గుర్తొచ్చి నోరూరేది. మా చుక్కికి తిండి చూస్తే నెయిల్ కట్టర్ గుర్తొచ్చేది. ఆయన సూత్రాన్నే నేను తలకిందులుగా, ఏడాది పాటు, ఏ పొరపాటూ లేకుండా నేర్పించాను. నేను చెడ్డ ట్రైనర్‌ని కాదు, చాలా మంచి ట్రైనర్‌ని. నేర్పిన పాఠమే చెడ్డది.

పదకొండు ప్యాకెట్లు ఎందుకు ఫలించలేదో ఇప్పుడు కాస్త అర్థమైంది. నా చెయ్యి ముందుకి చాచగానే దానికి అనుమానం. మొదటి ముక్క కొత్త వాసన కాబట్టి ధైర్యం చేసి తినేది, తర్వాత నా చెయ్యి గుర్తొచ్చేది.

దీన్ని సరిచేయడం అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది. నెల రోజులు నా చేత్తో చికెన్ పెట్టలేదు. వరస మార్చాను. ఇదివరకు ముందు తిండి, వెనక కష్టం. ఇప్పుడు ముందు కష్టం, వెనక తిండి. అంటే నెయిల్ కట్టర్ నేల మీద పెడతాను, అది కనబడ్డాక ఒక లివర్ ముక్క వస్తుంది. కట్టర్ తీసేస్తే ముక్కలు ఆగిపోతాయి. వారం తర్వాత పంజా ముట్టుకుంటాను, వదిలేస్తాను, ముక్క. ఆ తర్వాత రోజుకి ఒక్క గోరు. ఒక్కటంటే ఒక్కటే, రెండోది కత్తిరించేద్దామని ఎంత ఆశ పుట్టినా సరే. మాత్ర అయితే మూడు ఉండలు చేస్తాను. మొదటిది ఖాళీ, రెండోదాంట్లో మాత్ర, మూడోది ఖాళీ. మూడోది కళ్ళ ముందు కనబడుతుంటే రెండోది నమలకుండా మింగేస్తుంది. పట్టుకోవాల్సి వస్తే తిండి చూపించి పిలవడం పూర్తిగా మానేశాను. నేనే లేచి దాని దగ్గరికి వెళ్తాను.

లివర్ గురించి అడిగేవాళ్ళుంటారు కాబట్టి చెప్తాను. కోడి లివర్ లోపల ఎరుపు పోయేదాకా ఉడికించి, నీళ్ళు వంపేసి, చల్లారాక చిన్న ముక్కలు కోసి, ఒవెన్‌లో 100 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచుతాను. పైన ఆరి, లోపల కొంచెం మెత్తగా ఉండాలి. మరీ ఎండితే పొడైపోతుంది, తడిగా ఉంటే సంచి పాడవుతుంది. ఉప్పు, మసాలా ఏమీ వెయ్యను. ఉల్లి, వెల్లుల్లి అసలు వెయ్యకూడదు, అవి కుక్క రక్తకణాలని దెబ్బతీస్తాయి. మూడు రోజులకి సరిపడా ఫ్రిజ్‌లో, మిగిలింది చిన్న పొట్లాలు కట్టి ఫ్రీజర్‌లో. ఇల్లంతా వాసన రెండు రోజులుంటుంది. మా ఆయన ఆ రోజుల్లో బాల్కనీలో కాఫీ తాగుతారు. లివర్‌లో విటమిన్ ఎ బాగా ఎక్కువ, అతిగా నెలల తరబడి పెడితే ఎముకలకి చేటు. అందుకని డాక్టర్ గారు వారంలో రెండు రోజులకే ఒప్పుకున్నారు. మంచిదే అయింది. రోజూ ఉంటే అదీ ఛీజ్ లాగే దిగజారేదేమో.

ఛీజ్‌తో ఒక దెబ్బ తిన్నాను. క్లాసు రోజున లివర్, ఛీజ్ రెండూ పట్టుకెళ్ళి ధారాళంగా పంచాను. ఆ రాత్రి విరేచనాలు. కొవ్వు ఎక్కువైతే క్లోమం వాచి ప్రాణం మీదికి వచ్చే కుక్కలూ ఉంటాయని డాక్టర్ గారు గట్టిగానే మందలించారు. ఇంకోసారి అమ్మాయి పీనట్ బటర్ తెస్తే లేబుల్ చదవమన్నాను. కొన్నిటిలో తీపి కోసం జైలిటాల్ వేస్తారు, అది కుక్కకి విషం, గంటలోపే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చాక్లెట్, ద్రాక్ష, ఎండు ద్రాక్ష కూడా కుక్కకి విషమే. కొత్త ట్రీటు వెతికే ఉత్సాహంలో చేతికి దొరికిందల్లా పెట్టబుద్ధేస్తుంది, అక్కడే జాగ్రత్త.

సరే, లివర్ దొరికింది, నా చేతి మీద నమ్మకం కూడా కాస్త తిరిగొచ్చింది. విజయగర్వంతో బయటికి తీసుకెళ్ళాను. గేటు దాటి ఇరవై అడుగులు వేశామో లేదో, చుక్కి లివర్ ముక్కని చూడనైనా చూడలేదు. ముక్కుకి ఆనించాను. పెదవి మీద పెట్టాను. కింద పడిపోయింది. ఇంట్లో దీనికోసమేనా ఇది గిరగిరా తిరిగింది?

ట్రైనర్ గారికి ఫోన్ చేసి వాపోయాను. ఆయన అడిగింది ఒకటే. "అప్పుడు ఎదురుగా ఏముంది?" రోడ్డు అవతల ఇంకో కుక్క ఉంది. "ఇంటర్వ్యూకి వెళ్ళబోతూ మీరు స్వీటు తింటారా మేడం? టెన్షన్‌లో గొంతు దిగదు. దానిదీ అంతే. అది తినలేదంటే మీకు జవాబు చెప్పింది."

మర్నాటి నుంచి ముక్కని థర్మామీటర్‌లా వాడాను. మైదానంలో అవతల కుక్కలు ఆడుకునే చోటు ఉంది. దానికి నలభై అడుగుల దూరంలో చుక్కి ముక్క మామూలుగా అందుకుంది. పాతిక అడుగుల్లో వేళ్ళు కొరికేంత గట్టిగా లాక్కుంది. అది ఆకలి కాదు, కంగారు. పదిహేను అడుగుల్లో నోట్లో పెట్టుకుని వదిలేసింది. పదిలో నేనున్నట్టే గుర్తించలేదు. అంతే, మా క్లాసు నలభై అడుగుల దగ్గర మొదలైంది. రెండు వారాలకి ముప్ఫై. వాన పడిన మర్నాడు మళ్ళీ నలభైకి వెళ్ళిపోయాం, తడి నేల మీద వాసనలు ఎక్కువట, దాని తల పైకి లేవలేదు. ఇలా వెనక్కి పోయిన రోజులు ఏడుపొచ్చేది. ట్రీటు మార్చాలేమో అన్న పాత జబ్బు మళ్ళీ తలెత్తేది. ఒక రోజు పన్నెండో ప్యాకెట్ కొనబోయి ఆగాను.

చేతిలో వద్దన్న ముక్కని గడ్డిలోకి దొర్లిస్తే పరిగెత్తి వెతుక్కుని తినడం అప్పుడే చూశాను. క్యారెట్ గుర్తొచ్చింది. కదిలేదాన్ని వెంటాడటం దానికి తినడం కంటే ఇష్టం. అక్కడినుంచి బయట ముక్క అందించడం మానేసి విసరడం మొదలుపెట్టాను. పిలుస్తాను, నా వైపు తిరిగిన క్షణాన "ఎస్" అంటాను, ముక్క నా కాళ్ళ వెనక్కి విసురుతాను. ముక్క కోసం వెళ్ళాలంటే నా దగ్గరికి రావాల్సిందే. ముక్క ముందే చూపించి పిలవను. ముందే చూపిస్తే అది లంచం అవుతుంది, చెయ్యి ఖాళీగా ఉన్న రోజున రాదు. సంచి కూడా ముందు కాకుండా నడుము వెనక్కి తిప్పుకున్నాను.

దారిలో ఒక పొద ఉంది. ఊళ్ళోని కుక్కలన్నీ అక్కడ ఏదో రాసి వెళ్తాయి కాబోలు. చుక్కి ఆ పొద దగ్గరికి రోజూ నన్ను ఈడ్చుకుపోయేది. భుజం నొప్పి. లివర్ చూపించినా సరే, పొదే కావాలి. ఆ మాట ట్రైనర్ గారితో విసుగ్గా అంటే, "అయితే పొదే ఇవ్వండి" అన్నారు.

ఈ ఆలోచనకి పాత ఆధారం ఉంది. డేవిడ్ ప్రీమాక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1959లో ఒక పరిశోధన అచ్చు వేయించాడు. ఒకటో తరగతి పిల్లలకి ముందు పిన్‌బాల్ అనే బంతి యంత్రం ఆట, క్యాండీ రెండూ స్వేచ్ఛగా ఇచ్చి ఎవరు దేనికి ఎగబడతారో చూశాడు. ఆట ఇష్టమైన పిల్లలకి క్యాండీ బహుమతిగా పనిచేయలేదు. వాళ్ళ చేత క్యాండీ తినిపించడానికే ఆటని బహుమతిగా ఇవ్వొచ్చని తేలింది. క్యాండీ ఇష్టమైన పిల్లల దగ్గర ఇది తిరగబడింది. ఎక్కువ ఇష్టంగా చేసే పని తక్కువ ఇష్టంగా చేసే పనికి బహుమతి అవుతుంది, అంతే. నేనేమో పిన్‌బాల్ ఆడే పిల్లకి రకరకాల క్యాండీలు కొనిపెడుతున్నాను.

మర్నాడు పొదకి పది అడుగుల దూరంలో ఆగిపోయాను. చుక్కి లాగింది. కదల్లేదు. ఇంకా లాగింది. చెట్టులా నిలబడ్డాను. ఎంతసేపు గడిచిందో, పక్కన వెళ్ళే పెద్దాయన "ఏమ్మా, దారి తప్పారా?" అని అడిగాడు. చివరికి అది వెనక్కి తిరిగి నా మొహం చూసింది. "ఎస్, పో!" అని దాంతో పాటే పరిగెత్తాను. పొదలో తల దూర్చి, తోక ఊపుతూ, ఒక్కో ఆకునీ చదువుకుంది. తొందర పెట్టలేదు. నాలుగో రోజుకి పొద కనిపించగానే ముందు నా వైపు చూడటం మొదలుపెట్టింది. పదకొండు ప్యాకెట్లు చేయలేని పని, డబ్బు అక్కర్లేని ఒక పొద చేసింది. దానికి ఇంకా ఒళ్ళు మండుతుంది నాకు.

ఇప్పుడు మా లెక్క ఇలా ఉంది. ఇంట్లో తెలిసిన పనులకి దాని రోజువారీ తిండి గింజలే. కొత్తది నేర్పేటప్పుడు చేప, గుడ్డు, మార్చి మార్చి. లివర్ ఒక్క పనికే దాచాను, పిలిస్తే రావడానికి. అది వచ్చిన ప్రతిసారీ ఒక్కటి కాదు, ఒకదాని తర్వాత ఒకటి ఐదారు ముక్కలు. బయట అన్నిటికంటే పెద్ద బహుమతి పొద. గోళ్ళు రోజుకి రెండు దాకా వచ్చాం. చికెన్ నా చేతినుంచి తింటుంది, కానీ తినే ముందు నా రెండో చేతిలో ఏముందో ఒకసారి చూసుకుంటుంది. అది పోవడానికి ఇంకా ఎన్నాళ్ళు పడుతుందో.

మొన్న సాయంత్రం మైదానంలో పట్టీ పొడుగ్గా వదిలి ఉన్నాను. పాతిక అడుగుల్లో ఇంకో కుక్క కనిపించింది. పిలిచాను. చుక్కి దాన్ని చూసింది, నన్ను చూసింది, చెవులు ఎగరేసుకుంటూ పరిగెత్తుకొచ్చింది. సంచిలో చెయ్యి పెడితే లివర్ అయిపోయింది. అడుగున ఎప్పటిదో ఎముక ఆకారం బిస్కెట్లు రెండు తగిలాయి, ఆ మొదటి ప్యాకెట్‌వి. ఏం చేస్తాను, ఒకటి విరిచి గడ్డిలోకి విసిరాను. వెతికి, నమిలి, మింగింది. నా కళ్ళు చెమర్చాయి.

రెండోది చేత్తో అందించాను. పంటితో పట్టుకుంది, రెండు క్షణాలు ఉంచుకుంది, నా చెప్పు మీద ఉమ్మేసింది.